ఇరవై సెకన్ల గొంతు

"మీలో ఎవరైనా ఒకరు వచ్చి మాట్లాడండి. మీ గొంతును కంప్యూటర్ దాచిపెడుతుంది."

వరంగల్ నుంచి వచ్చిన ప్రొఫెసర్ జగపతిరావు మైకు చాపి పిలిచాడు.

ఎవరూ లేవలేదు.

మంచిర్యాలలోని ఆ ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ సైన్స్ పెట్టి రెండేళ్లు. 1996లో జరుగుతున్న ఈ సెమినారే మొదటిది. ముందు వరుసలో కాలేజీ కరస్పాండెంట్ కునుకు తీస్తున్నాడు. వెనక సగం మంది విద్యార్థులదీ అదే పని. ఏర్పాట్లన్నీ చూసిన కుర్ర లెక్చరర్ అంబదాస్‌కు చెమటలు పట్టాయి.

"నేను మాట్లాడొచ్చా సారూ?"

తలుపు దగ్గర ఒక ముసలాయన. మాసిన అంగీ, మెడలో తువ్వాల. మాటమాటకూ ఆయాసం.

అంబదాస్ గబగబా వెళ్లి అడ్డం నిలబడ్డాడు.

"నువ్వెవలు తాతా? లోపలికి ఎట్లొచ్చినవ్?"

"రోడ్డు మీద పోతాంటే మైకుల ఇన్న బిడ్డా. మనిషి పోయినా గొంతుంటదట గద. నా దమ్ము ఖరాబైంది. ఎన్ని దినాలుంటదో ఏమో."

"రానివ్వండి," అన్నాడు జగపతిరావు నవ్వుతూ. "ఎవరి కోసం దాచుకుంటారు పెద్దాయనా?"

"నాకెవలున్నరు సారూ. ఎవలకన్న పనికొస్తది."

ముసలాయన మైకు ముందు నిలబడి కళ్లు మూసుకున్నాడు.

"పండుకోకు అన్నా. పండుకుంటే లేవవు. నేను గీడనే ఉన్న. ఇనబడుతుందా? ఏదన్న మాట్లాడు..."

హాలంతా గొల్లుమంది.

"సార్, మనోళ్లను నిద్రలేపుతుండు!" ఎవరో అరిచారు.

కరస్పాండెంట్ ఉలిక్కిపడి లేచాడు. అందరూ తనను చూసే నవ్వుతున్నారనుకున్నాడు. ముఖం కందగడ్డయింది.

అంబదాస్ ముసలాయన రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

"నా నౌకరీ తీపిస్తవా ఏంది? నడువ్!"

"జర నా గొంతు నాకొక్కసారి ఇనిపియ్యి బిడ్డా. ఇని పోత."

"ఏం లేదు. పో!"

ముసలాయన గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

నెల తర్వాత అటెండర్ రాయమల్లు చెప్పాడు.

"సార్, ఆనాడు మీరు ఎల్లగొట్టిన తాత సచ్చిపోయిండు. మా వాడకట్టుల ఒక్కడే ఉండేటోడు. మేమే దహనం చేసినం."

"పేరేంది?"

"తాత అనే అనేటోళ్లం సార్. ఎవలం అడగలే."

ఆ సాయంత్రం అంబదాస్ కంప్యూటర్‌లో ఆ తాత గొంతు ఉన్న ఫైలు వెతికాడు. తీసేద్దామనే తెరిచాడు. ఇరవై సెకన్లు. మాటల మధ్య ఆయాసం. చివర ఎదురుచూస్తున్నట్టు చిన్న నిశ్శబ్దం.

తీసేయడానికి చెయ్యి రాలేదు.

తర్వాత రోజూ విద్యార్థులు వెళ్లిపోయాక వినడం అలవాటైంది. విన్నప్పుడల్లా ఆ గొంతు తననే అడుగుతున్నట్టు ఉండేది. ఒకరోజు, ఖాళీ ల్యాబులో, తనకు తెలియకుండానే జవాబిచ్చాడు.

"ఇనబడుతుంది తాతా."

వెంటనే లేచి స్పీకరు ఆపేశాడు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం తండ్రి దశరథం కాలేజీకి వచ్చాడు. బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మనిషి. కళ్లకు శుక్లాలు. కొడుకుతో కలిసి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ల్యాబు గుమ్మంలోనే ఆగిపోయాడు.

లోపల ఆ గొంతు మోగుతోంది.

దశరథం బల్లలు తడుముకుంటూ వచ్చాడు. స్పీకరు మీద రెండు చేతులూ ఆనించాడు.

"ఎవలతోటి మాట్లాడుతున్నవ్‌రా? గాయన ఏడ కూసున్నడు?"

"ఎవలూ లేరు బాపూ. మిషన్‌ల గొంతు."

"మనిషేడి మరి? ఇరవై ఏడేండ్ల సంది దేవులాడుతున్న. ఏడున్నడో చెప్పు, పోదాం!"

"ఎవలు బాపూ గీయన?" అన్నాడు అంబదాస్.

"నువ్వింక మీ అవ్వ కడుపుల ఉన్నప్పుడు, గని కూలి రెండు దినాలు నేను చీకట్ల చిక్కుకపోతే, బొగ్గుగుట్టకు అవుతల తనుగూడ చిక్కుకపోయి, మొఖమన్న సూడని నన్ను మాటలతోనే బతికిచ్చినోడు గీయననే బిడ్డా."