గంటగోపురం కింద కందకం

“గంటలు మోగించకుండా నా కూతురికి పెళ్లి చెయ్యమంటావా? ఊళ్లో తలెత్తుకు తిరగొద్దా?”

విల్‌ఫ్రెడ్ గోపురం గుమ్మానికి అడ్డంగా నిలబడి అరిచాడు. ఆ చర్చిలో గంటలు లాగే బృందానికి అతనే పెద్ద. ఆ పల్లెలో గంటలు మోగని పెళ్లిని అసలు పెళ్లే అనరు.

పురావస్తు పరిశోధకురాలు హెస్టర్ వెనక్కి తగ్గలేదు. “నా మాట వినండి. ఈ చర్చిని తొమ్మిదొందల ఏళ్ల కిందట ఇంగ్లండునేలిన నార్మన్ దొరల మట్టికోట దిబ్బ మీద కట్టారని నా అనుమానం. ఈ గోపురం నిలబడింది ఆ కోట కందకాన్ని పూడ్చిన చోట. గంటలు ఊగితే గోపురం ఊగుతుంది. కింద మట్టి జారిందా, లోపలున్న వాళ్లందరికీ ఇదే సమాధి.”

“అనుమానమట! ఆరొందల ఏళ్లు నిలబడ్డ గోపురం, నువ్వొచ్చి నాలుగు గుంటలు తవ్వగానే పడిపోతుందా అమ్మాయ్?”

బయట మబ్బు కమ్ముకొస్తోంది. పెళ్లివాళ్లు టోపీలు పట్టుకుని లోపలికి వస్తున్నారు. పిల్లలు గోపురం పక్క బల్లల మీద అప్పుడే కుదురుకున్నారు. ఫాదర్ ఆల్బన్‌కి ఏమీ పాలుపోలేదు.

“పోనీ, గాజు ఏమంటుందో చూద్దాం,” అన్నాడాయన.

గోపురం గోడలోని బీటకు అడ్డంగా హెస్టరే నెల కిందట సన్నని గాజుముక్క అతికించింది. గోడ వెంట్రుకవాసి కదిలినా అది పగిలిపోతుంది. ముగ్గురూ మెట్లెక్కి టార్చి వేసి చూశారు. గాజు నిక్షేపంగా ఉంది.

“చూశావుగా! ఇంకేం కావాలి తల్లీ నీకు?” విల్‌ఫ్రెడ్ పకపకా నవ్వాడు.

హెస్టర్ టార్చి ఆర్పేసింది. తను పెట్టిన గాజే తన మాట అబద్ధమంటోంది. సరేనంది గానీ అనుమానం మాత్రం పోలేదు. దిగొచ్చి చివరి బల్ల మీద కూర్చుంది.

పెళ్లికూతురు గుమ్మంలో అడుగు పెట్టింది. గంటలు ఒకదాని వెనక ఒకటి అందుకున్నాయి. కాళ్ల కింద రాతిపలకలు సన్నగా వణికాయి. పైనుంచి కాస్త సున్నం రాలింది.

పక్కనున్న డోర్కస్ ఆ సున్నాన్ని చేతిరుమాలుతో తుడిచింది. ఏళ్ల తరబడి చర్చిని ఊడ్చి, పూలు సర్దే పెద్దావిడ ఆమె.

“ఆ బీట మీద గాజు పెట్టింది నువ్వేనా అమ్మాయ్?” హెస్టర్ చెవిలో గర్వంగా అంది. “పెళ్లివాళ్ల కంట పగిలిన గాజు పడితే మన చర్చికి ఎంత నామర్దా! అందుకే పగిలినప్పుడల్లా మా ఆయన చేత మార్పిస్తున్నా. మొన్న పెట్టించింది నాలుగోది.”