కౌగిలికి దొరకని మనిషి

ఆ కొత్తాయన కౌగిలి తప్పించుకున్నాడు.

టెక్సాస్‌లోని ఆ చిన్న ఊరి చర్చిలో గుమ్మం దాటాలంటే ఎవరో ఒకరు కౌగిలించుకోవాల్సిందే. నాడీన్ చేతులు చాచింది. ఆయన ఒళ్ళంతా పక్కకి తిప్పుకుని, టోపీ తీసి, చెయ్యి మాత్రం అందించాడు.

నాడీన్ నేరుగా లోయెల్ దగ్గరికి వచ్చింది.

"ఒంటికి చెయ్యి తగలనివ్వలేదు. కర్రలా బిగుసుకుపోయాడు. కోటు కింద నడుం దగ్గర ఎత్తుగా ఉంది. జులై ఎండలో కోటేంటి బ్రదర్?"

"మనలాంటివాడేనంటావా?"

"మనలాంటివాడైతే పర్లేదు. కాకపోతే?"

చర్చి కాపలా అంటే వీళ్ళిద్దరూ, డబ్. ముగ్గురి దగ్గరా పిస్తోళ్ళున్నాయి, బట్టల చాటున.

"మంగళవారం ఒక తుపాకీ శిక్షకుడు వచ్చి మిమ్మల్ని చూస్తాడు. ఆయన వద్దన్నవాళ్ళు పిస్తోలు ఇంట్లో పెట్టుకుని, తలుపు కాపలా మానెయ్యాలి" అని పాస్టర్ వారం కిందటే తేల్చి చెప్పేశాడు.

దాణా కొట్టు అమ్మేశాక లోయెల్‌కి మిగిలిన కొలువు ఆ తలుపు ఒక్కటే.

అందుకే వారం రోజులుగా ముగ్గురికీ ఒకటే వాదన, పిస్తోలు ఒంటి మీద ఎక్కడ పెట్టుకోవాలని.

"తుంటి మీదికి మార్చు లోయెల్, నా మాట విను" అంది నాడీన్.

"తుంటి మీదైతే కౌగిలించుకున్న ప్రతివాడి చేతికీ తగుల్తుంది. పొట్ట ముందైతే కూర్చున్నప్పుడల్లా పొడుస్తుంది. నడుం వెనక పెట్టి చూడు, హాయిగా ఉంటుంది. ఉన్నట్టే తెలీదు."

"బెంచీకి ఆనుకుంటే టక్కుమని మోగుతుంది కదా, అప్పుడు ఊరంతటికీ తెలుస్తుంది."

"నాకు చంకే గతి." డబ్ పొట్ట నిమురుకున్నాడు. "దీని కింద పెడితే దొంగొచ్చాక నేను వెతుక్కోవాలి."

ఇప్పుడు ముగ్గురి కళ్ళూ కొత్తాయన మీదే ఉన్నాయి. లోయెల్ వెళ్ళి పలకరించాడు.

"ఉక్కగా ఉంది సార్. కోటు తీసి కూర్చోరాదూ?"

"పర్లేదండీ, అలవాటే."

"ఎవరి తాలూకు మీరు?"

"ఎవరి తాలూకూ కాదు. పాట బాగుంటుందని విన్నాను."

సమాధానం లోయెల్‌కి నచ్చలేదు. "ఇక్కడ అందరం కళ్ళు తెరుచుకునే ప్రార్థన చేస్తాం సార్" అన్నాడు కాస్త కటువుగా.

ఆయన నవ్వాడు.

పియానో మొదలైంది. అందరూ లేచి నిలబడ్డారు. లోయెల్ కొత్తాయన వెనక బెంచీలోకి చేరి, కావాలనే పాటల పుస్తకం జారవిడిచాడు. దాన్ని తీసే వంకతో వంగి, ఆ కోటు కిందికి తొంగి చూశాడు.

అలా వంగడంలో అతని నడుం వెనక ఏదో జారింది.

పిస్తోలు చెక్క నేల మీద పడి, బెంచీ కిందుగా జారుకుంటూ వెళ్ళి, కొత్తాయన బూటు పక్కన ఆగింది.

పాట హోరులో ఎవరికీ వినబడలేదు, ఆయన పక్కన నిలబడ్డ మూడేళ్ళ పాపకి తప్ప. పాప వంగి చెయ్యి చాచింది.

లోయెల్ చెయ్యి అంతదూరం అందలేదు.

కొత్తాయన వంగలేదు. చేతిలోని టోపీ వదిలేశాడు. అది సరిగ్గా పిస్తోలు మీద బోర్లా పడింది. అంచు మీద బూటు మోపాడు.

"నా టోపీ తల్లీ. దాన్ని అలాగే ఉండనీ."

ప్రసంగం అయ్యేదాకా ఆ బూటు కదల్లేదు.

జనం వెళ్ళిపోయాక ఆయన వెనక్కి తిరిగి మెల్లగా అన్నాడు. "టోపీతో సహా ఎత్తి కారుదాకా తీసుకెళ్ళండి. ఎవరికీ కనబడదు."

"మరి మీ టోపీ..."

అప్పటికే ఆయన ఎండలోకి వెళ్ళిపోయాడు.

"ఏమైంది? వాడి దగ్గర ఉందా, లేదా?" డబ్ పరిగెత్తుకొచ్చాడు.

"చూళ్ళేకపోయాను" అన్నాడు లోయెల్.

నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. తలుపు తనదే. రెండు రాత్రులు ఆ పాప చెయ్యే కళ్ళముందు ఆడింది.

మంగళవారం చర్చి హాల్లో లోయెల్ అందరికంటే ముందొచ్చి, ఖాళీ చేసిన పిస్తోలు, టోపీ బల్ల మీద పెట్టాడు. నాడీన్‌కీ డబ్‌కీ జరిగిందంతా చెప్పేశాడు.

"పిచ్చోడా, శిక్షకుడికి ఇది చెప్తే తలుపు పోతుంది" అన్నాడు డబ్.

"పోనీ."

తలుపు తెరుచుకుంది. పాస్టర్ వెనకే శిక్షకుడు వచ్చాడు. బోడితల. నుదురు ఎండకి ఎర్రగా కమిలి ఉంది.

నాడీన్ కుర్చీలోంచి సగం లేచి ఆగిపోయింది.

"ఆదివారం చెప్పకుండా వచ్చినందుకు క్షమించండి" అన్నాడాయన. "చెప్పి వస్తే ఎవరూ రోజూ పెట్టుకునే చోట పెట్టుకోరు. డబ్ గారూ, మీరు కూర్చుంటే చంకలోది వెనక బెంచీ వైపు గురిపెట్టి ఉంటుంది. వెనకెవరు కూర్చుంటారు?"

"మా అత్తగారు."

"కావాలనే పెట్టారా?"

నాడీన్ నవ్వు ఆపుకోలేకపోయింది. డబ్ మొహం కందగడ్డలా అయింది.

"నేను దాచేదేం లేదు సార్" అన్నాడు లోయెల్. "వీళ్ళకి చెప్పేశాను. తలుపు వదిలేస్తాను."

ఆయన బల్ల మీది పిస్తోలు వైపు చూశాడు. "మీరు బయట పెట్టకపోతే నేనే వద్దనేవాణ్ణి. తలుపు దగ్గర మీరే ఉండండి. అది మాత్రం తుంటి మీదికి రావాలి. ట్రిగ్గర్ మూసేసే గట్టి ఒరలో, గట్టి బెల్టుకి. హాయి కొంచెం తగ్గుతుంది, నిద్ర బాగా పడుతుంది."

లోయెల్ ఊపిరి పీల్చుకుని టోపీ రెండు చేతులా అందించాడు.

"ఒక్క మాట సార్. పాప కంటే ముందు మీరే వంగి దాన్ని తీసేయొచ్చు కదా?"

శిక్షకుడు కోటు తొలగించాడు. పిస్తోలు లేదు. పక్కటెముకల నుంచి తుంటిదాకా ఉక్కు పట్టీల నడుంకట్టు బిగించి ఉంది.

"వంగలేనండీ. మెట్ల మీద జారి వెల్లకిలా పడ్డాను. అప్పట్లో నేనూ పిస్తోలు హాయిగా ఉంటుందని నడుం వెనకే పెట్టుకునేవాణ్ణి."