ఈ ఏటి బీరు

"ఇసోబె గారూ, ఎర్రాకు బీరు డబ్బా తెరిచారా?"

అడ్డుగా ఉన్న పలక అవతల నుంచి పక్కింటి హిరామత్సు గొంతు వినపడగానే కినుయో శాలువా కప్పుకుని గబగబా బాల్కనీలోకి వచ్చింది. ఇంటిపేరుతో పిలిచినా ఆ పిలుపు ఆమెకి తియ్యగానే ఉండేది.

"ఇప్పుడే తెరవబోతున్నానండీ. మరి మీరు?"

"మీ కోసమే ఆగాను. కానివ్వండి."

ఇటొకటి, అటొకటి, రెండు మూతలు సుయ్యిమన్నాయి.

"ఊఁ. పోయినేడాది కంటే చేదు తగ్గించినట్టున్నారు. వేయించిన గింజల వాసన మాత్రం అలాగే ఉంది," అన్నాడాయన.

కినుయో ఒక గుక్క మింగి ఆలోచించింది. "చేదు తగ్గలేదండీ, ఆలస్యంగా వస్తోంది. మింగాక చూడండి."

అటువైపు ఇంకో గుక్క తాగిన చప్పుడైంది.

"నిజమే సుమండీ. మింగాకే వస్తోంది. మీ నాలుక ముందు నాది ఉత్త దండగ."

కినుయో నోటికి శాలువా అంచు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

పేరుకి పక్క పక్క ఇళ్ళేగానీ ఆ పాత కట్టడంలో ఇద్దరి మెట్లూ వేరు. ఒకరి మొహం ఒకరికి తెలియదు. బాల్కనీల మధ్య పల్చటి పలక ఒకటుంది. నిప్పంటుకుంటే దీన్ని పగలగొట్టి పారిపోండి అని దాని మీద రాసి ఉంటుంది. పోయిన శరత్కాలంలో ఆమె డబ్బా మూత లాగిన చప్పుడు విని, "అది ఎర్రాకుదా, తూనీగదా?" అని ఆ పలక అవతల నుంచి ఎవరో అడిగారు. భర్త పోయాక సాయంత్రం పూట ఆమెని ఒక మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. ఆ ఏడాది ఆకులు రాలినంత కాలం, డబ్బాల మీద ఎర్రాకు, తూనీగ లాంటి బొమ్మలేసి కంపెనీలు దింపిన కొత్త బీర్లన్నీ చెరో డబ్బా తెచ్చుకుని, పోల్చి పోల్చి తాగారు. ఉత్తరాన ఉన్న మొరియొకా ఊళ్ళో చలి తొందరగా వస్తుంది. ఇద్దరూ తలుపులు మూసుకున్నారు. ఒంట్లో బాగోక డాక్టర్ల చుట్టూ తిరుగుతూ, పలకరించే దిక్కులేక, ఆ చలికాలం ఆమెకి ఓ పట్టాన గడవలేదు.

మళ్ళీ సెప్టెంబరులో ఆ గొంతు వినపడేసరికి ప్రాణం లేచొచ్చింది. అయితే ఇద్దరి మధ్యా బీరు తప్ప వేరే మాట ఎన్నడూ రాలేదు. బీరే లేకపోతే ముక్కూ మొహం తెలియని మగమనిషితో ఏమని మాట్లాడుతుంది?

అందుకే దుకాణంలో బీరు అరల ముందు నిలబడి, అక్కడ తగిలించిన చీటీల మీది మాటలు పరీక్షకి చదివినట్టు చదివేది. ఖాళీ డబ్బాలు పారేసే బుధవారం నాడు కూడా ఆమెకి గుబులే. సంచి లోపలివన్నీ బయటికి కనపడే రకం. కింది ఇంటావిడ చూపు అసలే మంచిది కాదు. అందుకని పైనా చుట్టూ చేపల డబ్బాలు పేర్చి మరీ తీసుకెళ్ళేది.

తూనీగ డబ్బా అయింది. చెస్ట్‌నట్ కాయల డబ్బా అయింది.

"రోజూ తాగుతున్నారు, మీకు తల తిరగదా?" అని ఒకరోజు అడిగింది.

"నాకా? ఎన్ని తాగినా చెక్కుచెదరను. మీ మాటా తడబడదే?"

"మా పుట్టింటివాళ్ళంతా గట్టివాళ్ళు లెండి."

ఇక చందమామ డబ్బా ఒకటే మిగిలింది. ఆ మాటే అంటే ఆయన పలకకి దగ్గరగా వచ్చి అడిగాడు.

"పున్నమి నాడు కింద బెంచీ మీద కూర్చుందామా? చందమామని చూస్తూ తినే పిండి ఉండలు నేను తెస్తాను. మీతో ఒక మాట చెప్పాలి."

"మరి బీరు?"

"అదీ... అప్పుడు చూద్దాం లెండి."

వెళ్ళాలని ఎంత ఉందో ఆమెకే తెలుసు. కానీ ఎదురుగా కూర్చున్నాక ఇంక దాచుకోవడానికేముంటుంది? ఉన్న ఈ కాస్త పలకరింపూ పోతుంది.

"ఆ రోజు నాకు పనుందండీ," అంది.

"అలాగా. ఏం పర్లేదు," అన్నాడాయన. తలుపు మూసిన చప్పుడు వినపడింది.

పున్నమి నాడు ఆమె బాల్కనీలోకి వచ్చి డబ్బా మూత లాగింది. అవతల చప్పుడు లేదు. "హిరామత్సు గారూ, చందమామది ఈ ఏడు కొంచెం తియ్యగా ఉందండీ," అని పలకతో చెప్పింది. పలక ఏమీ అనలేదు. భర్త పోయిన నాడు కూడా ఇల్లు ఇంతగా బావురుమనలేదు.

బుధవారం పొద్దున సంచి పట్టుకుని కిందికి దిగితే, చెత్త వేసే చోట టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఆమెని చూసి తన సంచి వెనక్కి దాచుకున్నాడు.

"శుభోదయమండీ," అంది కినుయో.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఇసోబె గారా?"

ఆ గొంతు ఆమెకి తెలుసు. ఆయన వెనక సంచిలో ఏముందో కూడా కనపడుతూనే ఉంది. ఎర్రాకు లేదు, తూనీగ లేదు. అన్నీ ఉత్త సోడా డబ్బాలు.

"ఇవేనా మీరు తాగింది?" అంది.

ఆయన టోపీ తీశాడు. "వేసవిలో కాలేయానికి జబ్బు చేసింది. డాక్టరు బీరు వాసన కూడా చూడొద్దన్నాడు. బీరు లేదంటే మీకు నాతో మాట్లాడే పనేముంటుందని... పోయినేడాది రుచులే తలుచుకుని చెప్పుకొచ్చాను. పున్నమి నాడు ఒప్పేసుకుందామనుకున్నాను, మీరు రానన్నారు. మోసం చేశానండీ. కోపమొచ్చిందా?"

కినుయో తన సంచి నేల మీద పెట్టి ముడి విప్పింది. పైన పేర్చిన చేపల డబ్బాలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది.

అడుగున ఉన్నవన్నీ సోడా డబ్బాలే.