పన్నెండో కంటిపురుగు

“ఇది కొత్త జాతి కాదు మాస్టారూ,” అనేసింది శిష్యురాలు. ఆ ఒక్క మాట అనడానికి వారం రోజులుగా నీళ్లు నములుతోంది.

మాస్టారు సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తలేదు. “మరేమిటి?”

“పాత పురుగే. బాతుల కళ్లలో ఎప్పుడూ దొరికేదే.”

పక్షుల కనురెప్పల కింద, కన్నీటి తడిలో బతికే నువ్వుగింజంత చదునైన పురుగులవి. ఏది ఏ జాతో తేల్చడానికి కొలతలే ఆధారం. ఒళ్లు ఎంత వెడల్పు, పొట్ట కింద అతుక్కునే పట్టు ఎక్కడుంది, అండాశయం ఎంత దూరం అన్నీ చూడాలి. మాస్టారు ఆ లెక్కల్లోనే జీవితం గడిపారు. శిష్యులు ఆయన్ని చాటుగా కొలబద్ద అనేవాళ్లు. ఆయన జాబితాలో పన్నెండు జాతులున్నాయి. పన్నెండోదానికి భార్య పేరు పెట్టారు. ఆవిడ ఆ అచ్చు కాగితం చూసుకుని, నెల తిరక్కుండా కన్నుమూసింది. పిల్లాజెల్లా లేని ఆ ఇంట్లోంచి ఆవిడ పేరు మిగిలిందల్లా ఆ పురుగుకే.

“పదిహేడేళ్లుగా పుస్తకాల్లో ఉన్న పేరు! నువ్వొచ్చి కొట్టేస్తావా?” మాస్టారు ఇప్పుడు తల ఎత్తారు.

“తిట్టండి మాస్టారూ, పడతాను. కానీ ఆ రోజు అదే బాతు కంట్లోంచి తీసినవి ఇంకో ఆరున్నాయి. ఆరూ పాత జాతే. ఇదొక్కటే వెడల్పు. గాజుపలకల మధ్య పెట్టినప్పుడు బాగా నలిగిపోయింది. లోపలివన్నీ పక్కకి జరిగాయి.”

ఎవరితో చెబుతోంది ఈ మాట! కాస్త నలిగిన స్లైడు కనిపిస్తే చాలు, ఎవరిదని కూడా చూడకుండా చెత్తబుట్టలో వేయించిన మనిషితో. ఆమెకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

మాస్టారు సూక్ష్మదర్శిని కింద నుంచి స్లైడు తీసి ఆమె ముందు పెట్టారు.

“నొక్కింది నేనే,” అన్నారు మాస్టారు చివరికి. “ఆసుపత్రికీ ఇక్కడికీ తిరుగుతూ ఒళ్లు తెలియని రోజులవి. తప్పంతా నాదని పత్రికకి రాసి పంపించెయ్. పేరు కొట్టెయ్యమ్మా.”

గుండె రాయి చేసుకుని కలం తీసింది. స్లైడు నంబరు కోసం దాన్ని వెలుతురులోకి పట్టుకుంది. దానికి అంటించిన చీటీ మీద గుండ్రటి ముత్యాల్లాంటి అక్షరాలు. స్లైడు చేసినవాళ్లే చీటీ రాయాలి, ఆ గదిలో మొదటినుంచీ అదే నియమం.

“మాస్టారూ, ఇది అమ్మగారి రాత.”

ఆయన స్లైడు కోసం చెయ్యి చాపారు.

“ముప్ఫై ఏళ్లు ఈ బల్ల దగ్గరే చేశారు కదా ఆవిడ. నాకు వేలు పట్టుకుని నేర్పిందీ ఆవిడే. అమ్మగారి చేతిలో ఒక్క పురుగు నలగడం నేను చూళ్లేదు.”

“ఆ మందులకి వేళ్లు మొద్దుబారిపోయాయి తల్లీ. ఎంత నొక్కుతోందో తనకే తెలియలేదు. వద్దంటే వింటేనా? ఒక్కటి చేస్తానండీ, ఒక్కటే, అని మొండికేసింది. ఇంక మళ్లీ ఈ గదికి రాదని ఇద్దరికీ తెలుసు.”

“మరి మీరు చూసుకోలేదా? మీ కంటికి ఎలా ఆనలేదు మాస్టారూ?”

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. “నేను లెన్సులోంచి చూస్తుంటే పక్కనే కుర్చీలో కూర్చుని ఉంది. ‘ఏమండీ, బాగా వచ్చిందా?’ అని అడిగింది.”

“మీరేమన్నారు?”

“కొత్త జాతి దొరికిందే, అన్నాను.”