యాభై నోటు మీద రథం

"ఏముండాది ఆడ? మెట్లు, రాళ్లు. మా హంపి ముందు ఇదెంత," అన్నాడు వెంకటకృష్ణయ్య, పేకముక్కలు సర్దుకుంటూ.

ఓడ యాంగ్ట్సీ నదిలో రేవుకు ఆనుకుని నిలబడి ఉంది. అమ్మకాల్లో టార్గెట్ దాటిన బళ్లారి జిల్లా డీలర్లను ఒక ఎరువుల కంపెనీ చైనా చూసి రమ్మని పంపింది. భార్యలకు కూడా టికెట్ ఇచ్చింది. దారిలో రేవుకొక పాత నగరం. ఇష్టమున్నవాళ్లు దిగి చూసొస్తారు. లేనివాళ్లు ఓడలోనే కూర్చుని రమ్మీ ఆడతారు.

వెంకటకృష్ణయ్య భార్య నాగవేణి కిటికీ పక్కన కూర్చుంది. ఆమె కాళ్లకు కొత్త తెల్ల బూట్లు. బళ్లారిలో కొన్నప్పుడు, చీర కింద బూట్లేందక్కా అని వాళ్ల ఊరు కప్పగల్లులో ఆడవాళ్లు నవ్వారు. "చైనాలో నడవాల గదా," అంది ఆమె. ఇంతవరకూ ఆ బూట్లు తొక్కింది ఓడలోని తివాచీని మాత్రమే.

మొదటి రేవులో దెయ్యాల నగరం. కొండ మీద యమలోకం, చచ్చినవాళ్లను నిలదీసే బొమ్మలు. "మా హంపిలో దేవుళ్లకే జాగా చాలదు, దెయ్యాలతో మాకేం పని," అన్నాడు వెంకటకృష్ణయ్య. దిగలేదు.

రెండో రేవులో బండను కరుచుకుని లేచిన పన్నెండంతస్తుల ఎర్రటి గోపురం. "చెక్కతో కట్నారంట. మాదంతా రాయి," అన్నాడు. దిగలేదు.

చోరనూరు డీలరు భార్య మహాదేవి పైదాకా ఎక్కి, చెమటలు కారుతూ వచ్చి ఫోన్లో ఫొటోలు చూపించింది. "నువ్వు రావల్సిందక్కా," అంది. నాగవేణి ఒక్కో ఫొటోనూ పెద్దది చేసి చూసింది. రావడానికి ఆమెకేం అభ్యంతరం లేదు. దిగేటప్పుడు మెడలో వేసుకునే కార్డులు మాత్రం రెండూ భర్త చొక్కా జేబులో ఉన్నాయి.

కళ్లెదుట ఏదైనా పెద్దది కనబడితే వెంకటకృష్ణయ్యకు లోపలెక్కడో ఇరుకవుతుంది. వెంటనే అక్కడ లేనిది, అంతకంటే పెద్దది ఒకటి తెచ్చి దాని పక్కన నిలబెడతాడు. అప్పుడు గాలి ఆడుతుంది. ఇరుకైన సంగతి ఆయనకు తెలియదు. గాలి ఆడటం మాత్రమే తెలుసు.

ఇది మూడో రేవు. గైడు పిల్ల లిన్ ఇంగ్లీషులో చెబుతుంటే కంపెనీ ఆఫీసరు ప్రవీణ్‌కుమార్ తెలుగులో అందిస్తున్నాడు. లిన్ చేతిలో పది యువాన్ల నోటు. దాని వెనకవైపు రెండు కొండలు, వాటి మధ్య నది.

"ఈ కొండల సందు ఇదేనంట. పైన తెల్ల చక్రవర్తి కోట దగ్గర నిలబడితే నోటు మీదుండేది, కంటికి కనబడేది ఒక్కటేనంట. ఇదే ఆఖరి నగరం. రేపు డ్యామ్ చూసి విమానం ఎక్కడమే."

వెంకటకృష్ణయ్య ముక్కలు బోర్లించాడు. పర్సులోంచి యాభై రూపాయల నోటు తీసి పైకెత్తాడు.

"నోటు మీదుంటే గొప్పనా? ఇది మా హంపి రథం. మా ఊరి పక్కనే. చెప్పప్పా ప్రవీణూ."

లిన్ ఆ నోటును రెండు చేతులా అందుకుంది. ముచ్చటపడింది. నిజంగా చూస్తే ఎలా ఉంటుందని అడిగింది.

"అది నోటితో చెప్పేది గాదు తల్లీ. కండ్లతో చూడాల."

"మీరెన్నిసార్లు చూసుంటారు?"

ఆయన పగలబడి నవ్వాడు. "పక్కనుండేదాన్ని ఎవరన్నా లెక్కబెడతారా?"

బల్ల చుట్టూ ఉన్న డీలర్లు కూడా నవ్వారు. ఆ నవ్వు ఆగాక నాగవేణి మెల్లగా అంది: "ఏమండీ, ఈ ఒక్కదానికన్నా దిగుదాం."

"సుమ్నే నోర్మూసుకోని కూచో. మోకాళ్ల నొప్పులని రోజూ ఏడ్చేది నువ్వే గదా."

"నొప్పులు నా మోకాళ్లకు గదా. మీరు కూచున్నారేంది?"

ఈసారి డీలర్లు ముక్కల చాటున నవ్వారు. నాగవేణి లేచి వచ్చి, భర్త చొక్కా జేబులో చెయ్యి పెట్టింది. పెళ్లయ్యాక నలుగురిలో ఆ పని చెయ్యడం అదే మొదలు.

"ఏందే?"

"నా కార్డు."

"ఒక్కదానివే యాడికి పోతావు?"

"ఆ పాప ఎంబడి."

ఆయన చేతిలో రెండు జోకర్లున్నాయి. ఆట వదిలి లేవలేడు. "పో, పోయి చూసి రా. మా హంపి కాలిగోటికన్నా సరిపోతాదేమో చూసొచ్చి చెప్పు," అన్నాడు, అందరికీ వినబడేలా.

వాన తుంపర పడుతోంది. ముందు లిన్, వెనక ప్రవీణ్‌కుమార్. వంతెన, ఆ తర్వాత మెట్లు, ఆ తర్వాత ఇంకా మెట్లు. నాగవేణి ప్రతి మలుపులో ఆగింది. మోకాళ్లు పట్టుకుని నిలబడింది. మళ్లీ ఎక్కింది. తెల్ల బూట్లకు ఎర్రమట్టి అంటింది. తుడవలేదు.

పైన లిన్ ఆమె చేతికి పది యువాన్ల నోటిచ్చి ఎత్తి పట్టుకోమంది. నాగవేణి ఎత్తి పట్టుకుంది. తర్వాత చెయ్యి దానంతటదే కిందికి దిగింది. ఎదురుగా రెండు కొండలు నదిని గొంతు దగ్గర పట్టుకున్నట్టున్నాయి. మధ్యలో ఆకుపచ్చ నీళ్లు చప్పుడు లేకుండా పోతున్నాయి.

లిన్ ఏదో అడిగింది. ప్రవీణ్‌కుమార్ నవ్వుతూ చెప్పాడు: "మీ హంపి నిజంగా దీనికంటే గొప్పదా అని అడుగుతాంది అక్కా."

నాగవేణి కొండల మీంచి చూపు తిప్పలేదు.

"నాకేం తెలుసప్పా, పెళ్లయిన కాడ్నించి ఒక్కసారి హంపికి పోదామంటానే ఉండా, 'చైనా గోడ ముందు అదెంత' అని ఆయన ఇంతవరకూ ఆ దిక్కు పోలేదు, నన్ను పోనీలేదు."