ఉచ్చులేరే నాంచారయ్య

మడచెట్ల మొదట్లో పన్నిన ఉచ్చును ఊడదీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు నాంచారయ్య.

అది తన ఇంటి పూత!

కొత్త తీగకు నూనె వాసన ఉంటుంది, మెరుపు ఉంటుంది. ఆ రెండూ పోతే గాని జంతువు దాని దగ్గరికి రాదు. అందుకే ముందు బూడిద నీళ్లలో ఉడకబెట్టాలి. తర్వాత మడచెట్టు బెరడు కషాయంలో నానబెట్టాలి. అంతవరకూ కోడూరు చుట్టుపక్కల ఉచ్చులు పన్నే ప్రతివాడూ చేసేదే. ఆ పైన చింతపిక్కల గంజి పట్టించి, తడి ఆరకముందే ఏటి బురద అద్దడం మాత్రం నాంచారయ్య తండ్రి కనిపెట్టిన కిటుకు. అది తెలిసినవాళ్లు ఈ భూమ్మీద ఇద్దరే. ఒకరు తను, ఇంకొకరు భార్య చిట్టెమ్మ.

ఇన్నాళ్లూ ఏరినవన్నీ ఆటుపోట్లకు నానిపోయినవి. పూత ఆనవాలు తెలియలేదు. ఇది నిన్న పన్నింది.

రెండేళ్ల కిందటి వరకూ నాంచారయ్య కూడా ఉచ్చులు పన్నినవాడే. చెరువుల్లో చేపలు తినే బావురుపిల్లుల్ని పట్టడానికి చెరువుల వాళ్లు పిలిచి మరీ పనిచ్చేవారు. అవనిగడ్డలో జంతువుల్ని కాపాడే సంస్థ పెట్టిన శ్రీకాంత్ గారు వచ్చి, "పన్నిన చేత్తోనే ఏరు, నెలనెలా జీతమిస్తాను" అన్నారు. దొంగ చేతికి తాళాలిచ్చారని ఊరంతా నవ్వింది. నాంచారయ్య మాత్రం గంగమ్మ మీద ఒట్టేసి, ఉన్న తీగలన్నీ ఏట్లో పారేశాడు.

పోయిన నెల ఉచ్చులో పడ్డ బావురుపిల్లిని విడిపించబోతే చేయంతా రక్కేసింది. దాని కాలు ఎముక దాకా తెగింది. శ్రీకాంత్ గారు తీసిన ఆ ఫొటో పేపర్లో పడి, సంస్థకు విరాళాలు వచ్చిపడ్డాయి. అప్పట్నుంచీ నవ్విన నోళ్లే 'నాంచారయ్య గారు' అంటున్నాయి.

ఇంటికి పరిగెత్తాడు. దొడ్లో పొయ్యి మీద కుండ, కుండలో కొత్త తీగలు. మనిషి వాసన అంటకుండా చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని కలియతిప్పుతోంది చిట్టెమ్మ.

"ఎన్నాళ్ల నుంచే ఇది?"

ఆమె ఉలిక్కిపడింది. "అప్పుడే వచ్చేశావేంటి మావా?"

"అడిగిందానికి చెప్పు. ఏ చెరువోళ్లు చేయిస్తున్నారు?"

"చెప్పనని ఒట్టేశాను."

"నా ఒట్టు గంగలో కలిసినా పర్లేదు, నీ ఒట్టు నిలబడాలా?"

"నీ మంచికేలే మావా. ఇంకేం అడక్కు."

కంచే చేను మేసిందంటే ఇదే. పాతికేళ్ల కాపురం. ఆ పిల్లి కాలు కోసిన తీగ తన పొయ్యి మీదే ఉడికింది. నాంచారయ్యకు ఏడుపొచ్చింది. భార్య ముందు ఏడవడం ఇష్టం లేక, ఆరబెట్టిన ఉచ్చుల్ని సంచిలో కుక్కుకుని అవనిగడ్డ బస్సెక్కాడు. ఉద్యోగం పోతే పోయింది. నమ్మి పనిచ్చిన మనిషిని మోసం చేస్తూ ఒక్కపూట కూడా ఉండలేననుకున్నాడు.

శ్రీకాంత్ గారు ఆఫీసులో ఒక్కరే ఉన్నారు. నాంచారయ్య సంచి బల్ల మీద పెట్టి చేతులు జోడించాడు.

"నన్ను తీసెయ్యండి బాబూ. ఈ ఉచ్చులు మా ఇంట్లోనే తయారవుతున్నాయండి. మా ఆడదే చేస్తందండి. నాకు తెలీదండి, అయినా తప్పు నాదేనండి."

ఆయన లేచి వెళ్లి తలుపు వేసి వచ్చారు. సంచిలోంచి ఒక ఉచ్చు తీసి, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఈసారి పూత కాస్త పల్చగా వెయ్యమను నాంచారయ్యా, నేనిచ్చే తీగ ఫొటోల్లో సరిగ్గా కనపడట్లేదు" అన్నారు.