గురువారం సువిశేషం

“ఆపు దాన్ని,” అన్నాడు యేసన్న, గోడ వైపు తిరిగి పడుకునే.

ఎస్తేరు ఆపలేదు. ఫోనును మంచం కోడుకు ఆనించి అందులోని గొంతు ఇంకాస్త పెంచింది. పక్కనే రాగి సంగటి గిన్నె పెట్టింది. రోజూ పొద్దున ఇదే వరస. ఆయన తినేది ముద్దలో సగం కూడా ఉండదు. వాక్యమైనా చెవిన పడుతూ ఉంటే ఏదో ఒకనాటికి లేచి కూర్చోకపోతాడా అని ఆవిడ ఆశ. మొగుణ్ణి లేపి మనుషుల్లో కలపడం తప్ప ఆవిడకిప్పుడు వేరే కోరికంటూ లేదు.

ఆ రోజు సువిశేషం, అంటే బైబిల్లోంచి చదివే వాక్యం, జాలరి సీమోను పడవది. ఫోనులోని గొంతు నిదానంగా, నమ్మకంగా చెప్పుకుపోతోంది.

“రాత్రంతా వల వేశారు. ఒక్క చేప కూడా పడలేదు. ఒడ్డున కూర్చుని వలలు కడుక్కుంటున్నారు. అంతగా అలసిపోయినవాళ్ళతో ప్రభువు ఏమన్నాడు? ఇంటికి పొమ్మన్నాడా? లేదు. లోతుకు పొమ్మన్నాడు. ఇంకొక్కసారి వల దించమన్నాడు. ప్రియులారా, మన పెన్నలో నీళ్ళు లేకపోవచ్చు. మన ప్రభువుకు నీళ్ళు కరువా?”

ఎస్తేరుకు ఒళ్ళు ఝల్లుమంది. ఎన్నిసార్లు విన్నా అంతే. ఆ గొంతులో ఏముందో గాని, వింటుంటే ఎండి కట్టెలైన చీనీ చెట్లు కూడా రేపోమాపో చిగురేస్తాయనిపిస్తుంది. ఆ పల్లెకు పామిడి నుంచి ఫాదరు నెలకొకసారి పూజకు వచ్చేవారు. మిగతా రోజులన్నిటికీ అందరికీ ఈ గొంతే దిక్కుగా ఉండేది. పక్కింటి నాగలక్ష్మమ్మ ఆటపట్టించేది కూడా. “ఆ గొంతు ఇనేటప్పుడు నీ మొగం సూడాల ఎస్తేరూ, పెండ్లికూతురు లెక్కుంటాది,” అని. ఎస్తేరు సిగ్గుపడేదే గాని కాదనేది కాదు.

“అదే మాట,” అన్నాడు యేసన్న. “పోయినేడూ ఇదే మాట.”

“సువిశేషం ఏడాదికొగసారి తిరిగొస్తాది గదా. అదే వాక్యానికి అదే మాట గాక ఇంగేం చెప్తారు?”

“ఆ మాట ఇనే గదా ఆదెప్ప మళ్ళా బోరేసినాడు.”

ఆదెప్ప పొలం వాళ్ళ గట్టు పక్కదే. జ్ఞానస్నానం తీసుకుని మతంలో కలవనివాడే అయినా ఫోనులో వాక్యం వినందే పొలానికి కదిలేవాడు కాదు. వేసిన బోర్లన్నీ ఎండిపోయి, ఇక చాలు, బెంగుళూరు పోయి కూలి చేసుకుంటానన్నవాడు. పోయినేడు ఈ సువిశేషం విన్నాడు. “లోతుకు పొమ్మన్నాడు సామి” అంటూ ఎద్దుల్ని అమ్మేసి బోరు బండిని పిలిపించాడు. బండి కొట్టింది, కొట్టింది. తెల్లటి దుమ్ము లేచింది గాని తడి తగల్లేదు. వేసవిలో ఒక పొద్దున ఆదెప్ప ఆ బోరు పక్కనే చచ్చి పడి ఉన్నాడు. ఎలా పోయాడని ఊళ్ళో ఎవరూ అడగలేదు. ఆ రోజు మంచమెక్కిన యేసన్న మళ్ళీ దిగలేదు.

“ఫోన్లో ఆయప్ప భూమిని తవ్వమని చెప్పలేదు,” అంది ఎస్తేరు. “మనసులో లోతుకు పొమ్మన్నాడు.”

“నీళ్ళు ల్యాక సచ్చేటోనికి లోతంటే ఏం తోస్తాది? మనసు తోస్తాదా, బోరు తోస్తాదా? అది చెప్పేటోనికి తెలిసుండాల. కడుపు నిండినాక తియ్యగా మాట్లాడేది ఎవురికైనా వస్తాది.”

“కడుపు నిండి కాదు. ఆ పొద్దు ఆయప్ప సేన్లో శెనక్కాయ కూడా ఎండిపోయినాది. అయినా చెప్పినాడు.”

“అయితే ఇంగా పెద్ద దొంగ. వాని దగ్గర లేని నమ్మకాన్ని పక్కోనికి పంచినాడు.”

ఎస్తేరుకు కోపం పొంగుకొచ్చింది. మంచాన పడ్డ మనిషన్న జాలి కూడా ఆ కాసేపు పక్కకు పోయింది.

“వాడూ వీడూ అనొద్దు. ఆయప్పను నా ముందర ఒగ మాటన్నా నేనూరుకోను.”

“అంత ఇదిగా ఉంటే పోయి వానితోనే బతుకు.”

“బతికేదాన్నే. యాడుండాడో చెప్పు, ఇప్పుడే పోతా.”

యేసన్న ఇటు తిరిగాడు. ఎన్నాళ్ళకో ఆమె ముఖంలోకి నేరుగా చూశాడు. కళ్ళు లోపలికి పోయాయి. గడ్డం మాసిపోయి ఉంది. లేస్తాడేమో, ఏదైనా మంచి మాట అంటాడేమో అని ఎస్తేరు ముందుకు వంగింది.

“సచ్చినాడులే,” అన్నాడు. “ఆదెప్ప జతకే పోయినాడు.”

మళ్ళీ గోడ వైపు తిరిగిపోయాడు.

సంగటి మీద ఈగలు ముసురుతున్నాయి. ఎస్తేరు గిన్నె తీసింది, ఫోను తీసుకుంది. ఈయన కూడా ఆదెప్ప దారే పడతాడని ఆవిడకు రోజూ భయమే. ఒంటరిగా వదలలేక కూలికి పోవడం కూడా మానేసింది. కాని ఇన్నాళ్ళూ ఆ భయానికి ఎదురుగా కాస్త ఆశ ఉండేది. ఇవాళ చూసుకుంటే అది కూడా కనబడలేదు.

బయట ఎండ అప్పుడే ముదిరింది. మబ్బు తునక లేదు. మంచం కనబడేట్టు గుమ్మంలో కూర్చుని ఎస్తేరు తనివితీరా ఏడ్చింది. ఆ తర్వాత కొంగుతో ఫోను తుడిచి, తనొక్కదానికే వినబడేలా చెవికి ఆనించుకుని, ఆ గొంతును మొదటినుంచి పెట్టుకుంది.

“ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఈ గురువారం సువిశేషంతో మీ ఉపదేశి యేసన్నను మీ ముందుకు వచ్చాను.”